మస్తానమ్మకు వచ్చిన వచనం

మా ఆత్మకూరు సంఘంలో నెలకు మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. రొట్టె, ద్రాక్షరసం ముందుకు తెచ్చే వేళకు, తాము యోగ్యులం కామనుకున్నవాళ్లు లేచి బయటికి వెళ్తారు. ఎవరూ వెళ్లమనరు, వెళ్లినవాళ్లను ఎందుకని అడగరు. కానీ ఎవరు లేచారో అందరూ చూస్తారు. ఏ ఇంట్లో అత్తాకోడళ్లకు మాటల్లేవో, ఏ పెద్దమనిషి మళ్లీ తాగడం మొదలుపెట్టాడో మాకు అక్కడే తెలుస్తుంది.

మా తమ్ముడు చంద్రమోహన్ కొన్ని నెలలుగా లేస్తున్నాడు. పాటలయ్యేదాకా డోలక్ వాయించి, దాన్ని చాప మీద జాగ్రత్తగా పడుకోబెట్టి, తల వంచుకుని బయటికి పోతాడు. ఊరికే నిలబడలేక మెట్ల దగ్గర చెల్లాచెదురుగా పడున్న చెప్పులను జతలు జతలుగా సర్దుతుంటాడు. లోపల నా చేతిలో రొట్టెముక్క ఉంటుంది, నా చూపు ఆ మెట్ల మీద ఉంటుంది.

దీనికంతటికీ మొదలు ఒక పెళ్లి సంబంధం. తెచ్చింది సలోమమ్మ గారు. ఆవిడ రిటైరైన టీచరు, మా స్త్రీల సమాజానికి ప్రెసిడెంటు. ఊరంతా టీచరమ్మ అనే పిలుస్తుంది. తన సొంత అన్న కూతురిని మావాడికిద్దామని వచ్చి, మా హాల్లో కూర్చుని, టీ సగం తాగింది. అప్పుడు చెప్పాడు వాడు, కూరలో ఉప్పు చాల్లేదన్నంత మామూలుగా.

"పిల్ల మంచిదే టీచరమ్మా. నాకే ఆడపిల్లల మీద మనసు పోదు. ఊహ తెలిసినప్పట్నుంచీ నేనింతే. నా మనసు మొగవాళ్ల మీదికే పోతాది. అది దాచిపెట్టి పెళ్లి చేసుకుంటే ఆ పిల్ల బతుకు చెడగొట్టినట్టు గదా."

మా ఆయన రమేష్‌బాబు లేచి, అవసరం లేకపోయినా ఫ్యాను స్పీడు పెంచాడు. వాడికి ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కే కోటేశ్వర్ ఉన్నాడని నాకూ మా ఆయనకూ అప్పటికే తెలుసు. టీచరమ్మకు తెలియదు. ఆవిడ కప్పు కింద పెట్టి, "బైబిల్లో ఏముండాదో చదువుకో నాయనా" అని మాత్రం అని, వెళ్లిపోయింది. వారం తిరక్కుండా సంగతి సంఘమంతా పాకింది.

వాడు చదువుకున్నాడు. ఆ తర్వాత వచ్చిన బల్ల ఆదివారమే మొదటిసారి లేచాడు.

వాడికి నమ్మకం లేకపోతే నాకింత బాధ ఉండేది కాదు. నమ్మకం లేనివాడు ఆదివారం పొద్దున పడుకుని నిద్రపోతాడు. వీడు నమ్మబట్టే ఆ రొట్టె ముట్టుకోవడానికి భయపడుతున్నాడు.

వాడికి బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ రిపేరు షాపు ఉంది. మధ్యాహ్నం అన్నానికి మా ఇంటికే వస్తాడు. తిన్న తర్వాత కంచాలు తీసి, నేను బైబిలు తెచ్చి ముందు పెట్టేదాన్ని. నేను చదివింది బీఏ చరిత్ర. అందులో నాకు మిగిలింది మా లెక్చరర్ చెప్పిన ఒక్క మాటే: ఏది చదివినా ఎవరు రాశారు, ఎవరికి రాశారు, ముందేముంది, వెనకేముంది అని అడగమని. పచ్చడి చేసే విధానం చదివినా నేను అలాగే చదువుతాను.

"సొదొమ ఊరి కథ చెప్పు" అన్నాను ఒకరోజు.

"తెలిసిందే గదక్కా. మొగాళ్లు మొగాళ్ల కోసం వచ్చినారు. దేవుడు అగ్ని కురిపించినాడు."

"వచ్చింది ఎవురింటికి? లోతు ఇంటికి వచ్చిన అతిథుల మీదికి. ఊరంతా గుంపుగా వచ్చి తలుపులు పగలగొట్టబోయినారు. ఏఎస్ పేట దర్గాకు పోయే వాళ్లెవరో దారి తప్పి మనింటికి వస్తే, ఊరు ఊరంతా వాళ్లని చెరచడానికి తలుపు మీద పడితే, అది ప్రేమంటావా?"

"ఛీ."

"యెహెజ్కేలు ప్రవక్త కూడా ఛీ అనే అన్నాడు. ఆ ఊరి పాపం ఏందో విడమర్చి చెప్పినాడు చూడు. గర్వం, కడుపునిండా తిండి, బీదవాళ్లకు చెయ్యి అందించకపోవడం. అక్కడ నీ ఊసు యాడుండాది?"

వాడు చదివాడు. పెదవులు కదిపి మళ్లీ చదివాడు. మొగవాడు మొగవాడితో పడుకోకూడదన్న లేవీయకాండం దగ్గర మాత్రం గట్టిగా పట్టుపట్టాడు. అది చట్టం, అందులో సందేహానికి చోటు లేదన్నాడు. అదే పుస్తకంలో పొలుసులు, రెక్కలు లేని నీటి ప్రాణిని తినొద్దని ఉన్న చోటు చూపించాను.

"రొయ్యకు పొలుసుందా?"

"లేదు."

"అయితే నెల్లూరు జిల్లాలో పరలోకానికి పోయేదెవురు?"

చాలా రోజుల తర్వాత మావాడు నవ్వాడు. ఆ నవ్వు చూసి, పాత చట్టం సమాజంలోకి రానివ్వని నపుంసకుడు, ఒక ఇథియోపియా అధికారి కథ కూడా తీశాను. ఇవిగో నీళ్లు, నాకు బాప్తిస్మానికి అడ్డమేముందని అతను అడిగితే, సువార్త చెబుతున్న ఫిలిప్పు అడ్డం చెప్పలేదు, అతను రథం ఆపించగానే తనూ నీళ్లలోకి దిగాడు. చంద్రమోహన్ ఆ పేజీ మీద చెయ్యి ఆనించాడు.

తర్వాత అన్నాడు. "నువ్వు చెప్పేది నిజమే అనిపిస్తాదక్కా. కానీ నువ్వు నా అక్కవు. నేను దొంగనైనా నువ్వు నాకోసం ఒక వచనం వెతుకుతావు. బల్ల దగ్గర నా పక్కన కూర్చునేది వాళ్లు గదా. వాళ్ల మనసులో నేను సొదొమ నుంచి వచ్చినట్టుంటే, ఆ రొట్టె నేనెట్ట తినేది? వచ్చే నెల కోతల పండగ అయినాక డోలక్ ఎవురికైనా ఇచ్చేస్తాను. చర్చికి ఇంక రాను."

నేను బైబిలు మూసి, తీసుకెళ్లి లోపల పెట్టాను.

కోతల పండుగ, బల్ల ఒకే ఆదివారం పడ్డాయి. దానికి ముందు గురువారం గృహ ప్రార్థన మా ఇంట్లో. టీచరమ్మ ఫోన్ చేసింది.

"సుజనా, ఈ వారం రోమా పత్రిక మొదటి అధ్యాయం."

ఆ అధ్యాయం చివర్లో ఏముందో సంఘంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మొగవాళ్లు మొగవాళ్ల మీద ఆశపడ్డారన్న మాట అక్కడే ఉంది. మా ఇంట్లో, మా తమ్ముడు వచ్చీపోయే ఇంట్లో, అది చదివించాలని ఆవిడ ఎంచుకుంది. ఆవిడ దుర్మార్గురాలు కాదు. అన్న కూతురి సంబంధం తిరిగొచ్చిన బాధను వాక్యంతో తీర్చుకుంటోందని నాకనిపించింది.

"అట్నే టీచరమ్మా" అన్నాను. వేరే మాట అనడానికి లేదు. మా సమాజంలో అధ్యాయం ప్రెసిడెంటుది, వంట ఇంటావిడది. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టరు.

చదవడానికి కూడా మాకొక పద్ధతుంది. అందరూ గుండ్రంగా కూర్చుంటారు, ఒక్కొక్కరు ఒక్కో వచనం చదువుతారు. వచ్చిన ఏ ఆడమనిషీ వచనం లేకుండా ఇంటికి పోకూడదు. ఎప్పుడో ఒకావిడ తనకు వచనం రాలేదని ఏడిస్తే, టీచరమ్మే ఆ నియమం పెట్టింది. అధ్యాయం ముందుగా అయిపోతే తర్వాతి అధ్యాయంలోకి పోవాల్సిందే. చదువు రానివాళ్లకు ప్రెసిడెంటు ముక్కముక్కగా చెబుతుంది, వాళ్లు గట్టిగా అనాలి. చివర్లో ఎవరికి వచ్చిన వచనం మీద వాళ్లు ప్రార్థన చెయ్యాలి. మామూలుగా గురువారాలు వచ్చేది కొద్దిమంది. రెండు మూడు వరసలు తిరిగితే గానీ ఏ అధ్యాయమూ పూర్తి కాదు. అక్కడితో ఆపి, టీచరమ్మ వివరం చెబుతుంది.

ఈసారి మొదటి అధ్యాయం చివర ఆగకూడదు. ఆ పత్రిక రాసిన పౌలు అక్కడ ఆగలేదు మరి. అధ్యాయం నా చేతిలో లేదు కాబట్టి నా చేతిలో ఉన్న పని చేశాను. వాట్సాప్ గ్రూపులో పెట్టాను: గురువారం ప్రార్థన తర్వాత మా ఇంట్లో అందరికీ భోజనం. గారెలు, నాటుకోడి పులుసు.

మామూలుగా మేం ప్రార్థనకు పెట్టేది టీ, ఉడకబెట్టిన సెనగలు. గ్రూపులో చేతులు జోడించిన బొమ్మలు వరస కట్టాయి.

తర్వాత ఉదయగిరిలో మా అమ్మకు ఫోన్ చేశాను. మా అమ్మ పేరు మస్తానమ్మ. పేరు ఏఎస్ పేట దర్గా మొక్కు వల్ల వచ్చింది, ప్రార్థన మాత్రం యేసుకే చేస్తుంది.

"అమ్మా, గురువారం నీ సంఘం వాళ్లని కూడా తీసుకురా."

"ఎంతమందిని తేవాలమ్మే?"

"ఆటోలో పట్టినంతమందిని."

"ఆటోలో పట్టేదానికి ఒక లెక్కుంటాదా?" అంది.

గురువారం మధ్యాహ్నానికి మా హాలు నిండింది, వరండా నిండింది, మెట్ల మీద కూడా కూర్చున్నారు. మా అమ్మ రెండు ఆటోల జనాన్ని దించింది. టీచరమ్మ గుమ్మంలో ఆగి, చెప్పుల గుట్ట చూసి, "ఇంత ఉజ్జీవం ఎప్పుడొచ్చింది సుజనా?" అంది.

"కోళ్లు నాటువి టీచరమ్మా" అంది వెనక నుంచి ఎవరో.

చంద్రమోహన్‌ను గారెలు వెయ్యడానికి రమ్మన్నాను. వాడు వేసినంత గుండ్రంగా నేను కూడా వెయ్యలేను. నూనె కాగుతుండగా అడిగాడు.

"ఈరోజు ఏ అధ్యాయం?"

చెప్పాను. వాడి చేతిలో పిండి ముద్ద ఆగిపోయింది.

"అయితే నేను పోతాను."

"పో. పిండి పులిసిపోతాది, ఇంతమందికి నేనొక్కదాన్నే వేస్తాను."

నా వైపు కోపంగా చూసి, ముద్దకు బొక్క పెట్టి నూనెలో వదిలాడు. వంటింటి తలుపు నేను కావాలనే తెరిచి పెట్టి, హాల్లోకి వెళ్లి కూర్చున్నాను.

వచనాలు వరసగా నడిచాయి. దేవుణ్ణి ఎరిగి కూడా ఆయన్ని వద్దనుకున్నవాళ్ల గురించి చదివారు. ఆ మొగవాళ్ల వచనం మా పక్కింటి కొత్త కోడలు బుజ్జికి వచ్చింది. ఆ పిల్ల చదివేసరికి హాలంతా బిగుసుకుంది. వంటింట్లో చిల్లుల గరిటె చప్పుడు ఆగింది. ఒకరిద్దరు నా వైపు చూశారు. నేను పేజీ వైపు చూశాను.

తర్వాత వచ్చింది పాపాల పట్టిక. అసూయ, కలహం, కపటం. కొండెగాళ్లన్న మాట, మా వీధి వార్తలన్నీ ఇంటింటికీ చేరవేసే ఆవిడకే వచ్చింది. ఆవిడ ఆ మాట దగ్గర గొంతు తగ్గించింది.

"గట్టిగా చదువు వదినా, వినపడలా" అంది మెట్ల మీదావిడ.

పక్కనే తల్లిదండ్రుల మాట వినని వాళ్లు వచ్చారు. అది ఇంట్లో చెప్పకుండా పెళ్లి చేసుకున్న అమ్మాయి వంతు. ఆ అమ్మాయి తనే ముందు నవ్వేసింది, దాంతో వరసంతా నోటికి కొంగులు అడ్డం పెట్టుకుంది. టీచరమ్మ కళ్లద్దాల పైనుంచి చూసింది. మొదటి అధ్యాయం ముగిసింది.

ఆవిడ గొంతు సవరించుకుని, "ఈ భాగంలో దేవుడు మనతో ఏం మాట్లాడుతున్నాడంటే..." అని మొదలుపెట్టింది.

"టీచరమ్మా, నాకు వచనం రాలా" అంది మా అమ్మ.

"మాకూ రాలా" అన్నారు ఉదయగిరి వాళ్లు ఒక్కసారిగా. అధ్యాయం అయిపోయింది గానీ ఆడవాళ్లు అయిపోలేదు.

తన నియమం తను తప్పే మనిషి కాదు టీచరమ్మ. పేజీ తిప్పింది. మా అమ్మకు చదువు రాదు కాబట్టి తనే చెప్పాలి. రెండో అధ్యాయం మొదటి వచనం చెప్పడం మొదలుపెట్టింది. మా అమ్మకు ఎవరైనా ఏదైనా చెబుతుంటే వాళ్ల మొహంలోకి సూటిగా చూడటం అలవాటు.

"కాబట్టి, తీర్పు తీర్చే మనిషీ" అంది టీచరమ్మ.

"కాబట్టి, తీర్పు తీర్చే మనిషీ" అంది మా అమ్మ, టీచరమ్మ కళ్లలోకి చూస్తూ, వరండాకు వినపడేటట్టు.

టీచరమ్మ ఒక్క క్షణం ఆగింది. "నువ్వు ఎవరివైనా సరే..."

"నువ్వు ఎవురివైనా సరే."

"నీ దగ్గర జవాబు లేదు."

"నీ దగ్గిర జవాబు లేదు."

"ఎదుటివాళ్లకు తీర్చిన తీర్పుతోనే..."

"ఎదుటోళ్లకు తీర్చిన తీర్పుతోనే."

"నీ మీద నువ్వే నేరం మోపుకుంటున్నావు" అంది టీచరమ్మ, చాలా చిన్న గొంతుతో. మా అమ్మ ఆ ముక్కను ఉదయగిరి కొండకు తగిలేంత గట్టిగా అంది. అని, అమాయకంగా అడిగింది.

"ఈ మాట ఎవుర్నంటుండాడు టీచరమ్మా ఆయన?"

 టీచరమ్మ కళ్లద్దాలు తీసి, చీర చెంగుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుంది. ఆవిడ పిల్లలకు తప్పు లెక్క చెప్పిన రోజు లేదంటారు.

"పై అధ్యాయం వింటూ, అది పక్కవాళ్ల గురించే అనుకుని తలకాయ ఊపినోళ్లని" అంది. ఇంకాసేపు ఆగి, "నన్ను మస్తానమ్మా" అంది.

"నిన్నొక్కదాన్నే ఎందుకంటాడులే" అంది మా అమ్మ, ఓదార్పుగా. "నేను కూడా ఊపినాను."

అంతే, ఎక్కడో మెట్ల మీద మొదలైన నవ్వు హాలంతా పాకింది. టీచరమ్మ కూడా నవ్వాపుకోలేకపోయింది. మిగతా ఉదయగిరి వాళ్లు వచనాలు పూర్తి చేసేసరికి అందరి కళ్లూ తడిగా, తేలిగ్గా ఉన్నాయి.

తర్వాత ప్రార్థనలు. కొండెగాళ్ల వచనం వచ్చినావిడ ఈ వారం ఎవరింటికీ పోనని ప్రభువుకు మాటిచ్చింది. "రెండ్రోజులు చాల్లే" అని ఎవరో ఆవిడ భారం తగ్గించారు. బుజ్జి వంతు వచ్చింది. ఆ పిల్ల మోకాళ్ల మీద నిలబడి, గట్టిగా కళ్లు మూసుకుంది.

"ప్రభువా, నాకొచ్చిన వచనం నాకు సరిగ్గా అర్థం కాలా. వాళ్లు నిన్ను ఎరిగి కూడా వద్దనుకున్నారని పైన ఉండాది. మా చంద్రన్న నిన్ను వద్దనుకోలా. పోయిన పండగ పాటలకు జ్వరంతో వచ్చి డోలక్ వాయించినాడు. కాబట్టి ఈ వచనం వేరే వాళ్లెవురి గురించో అనుకుంటుండాను. తప్పయితే నాకు చెప్పు. ఆమేన్."

ఆమేన్ అందరూ అన్నారు. కొందరు గట్టిగా, కొందరు అలవాటు కొద్దీ, ఒకరిద్దరు పెదవులు బిగించుకుని. 

విస్తళ్లు వేస్తుంటే టీచరమ్మ వంటింట్లోకి వచ్చింది. చంద్రమోహన్ పొయ్యి దగ్గర వెనక్కి తిరిగి నిలబడి ఉన్నాడు. వాడి కళ్లు ఎర్రగా ఉన్నాయి, ఉల్లిపాయలు తరిగింది మాత్రం నేను. ఆవిడ పళ్లెంలోంచి ఒక గారె తీసి విరిచింది.

"ఇంకొంచెం ఎర్రగా వేగాలి."

"సరే టీచరమ్మా."

"ఆదివారం లేచి బయటికి పోతావా?"

"తెలీదు టీచరమ్మా."

"పోతే చెప్పు. నేనూ వస్తాను. ఇందాకటి పట్టికలో గర్వం కూడా ఉండాది, అది నాది." గారె ముక్క నోట్లో వేసుకుంది. "నాకింకా అంతా అర్థమైందని చెప్పలేను నాయనా. అబద్ధం చెప్పను. కానీ నువ్వు చెప్పులు సర్దుతుంటే నేను లోపల రొట్టె తినేది మాత్రం కుదరదు."

వాడు ఇంకో వాయి వేశాడు. అది ఎర్రగా వేగింది.

ఆదివారం చర్చి నిండా గుమ్మడికాయలు, అరటి గెలలు, కాళ్లు కట్టిన కోళ్లు. పాటలకు చంద్రమోహన్ డోలక్ వాయించాడు. కోళ్లు భయపడి అరిచేంత గట్టిగా వాయించాడు. పాస్టరుగారు రొట్టె మీది గుడ్డ తీశారు. లేచేవాళ్లు లేచే సమయమది. టీచరమ్మ తన వరసలోంచి మెడ తిప్పి వాడి వైపు చూసింది. చెంగు నడుమున దోపుకుని, లేవడానికి సిద్ధంగానే కూర్చుని ఉంది. వాడు ఆవిడ వైపు చూశాడు. తర్వాత వెనక్కి చూశాడు. బుజ్జి కళ్లు మూసుకుని ఉంది. పండక్కని ఉండిపోయిన మా అమ్మ కళ్లు తెరుచుకుని, ఈ గోలంతా ఎప్పుడయ్యేనన్నట్టు చూస్తోంది.

వాడు లేచాడు.  కానీ తలుపు వైపు తిరగలేదు. ముందుకు నడిచి, బల్ల దగ్గర చాప మీద మోకాళ్లూనాడు. టీచరమ్మ వెళ్లి వాడి పక్కన, కాళ్ల నొప్పులతో మెల్లగా, వాడి భుజం ఊతగా పట్టుకుని మోకాళ్లూనింది. పాస్టరుగారు ఎప్పటిలాగే రొట్టె విరిచి ఇచ్చారు. వాడు రెండు చేతులూ పట్టి తీసుకున్నాడు.

మధ్యాహ్నం చర్చి వెనక షామియానా కింద భోజనాలు. కోటేశ్వర్‌ను కూడా తినడానికి రమ్మన్నాడు చంద్రమోహన్. అతను ఉదయగిరి నుంచి బస్సులో వచ్చి, కొత్త చొక్కాలో బిక్కమొహం వేసుకుని ఒక పక్కన నిలబడ్డాడు. అతని సంగతి పొద్దున్నే మావాడి నోట విన్న మా అమ్మ చూసి పిలిచింది.

"ఏందయ్యా, నువ్వేనా మావాడి కోటేశ్వర్? ఇట్రా, కూర్చో. ఏం పని చేస్తావు?"

"గరిటెలు చెక్కుతానవ్వా."

"గిరాకీ ఉండాదా?"

"ఉండాదవ్వా."

"తాగుతావా?"

"లేదవ్వా."

మా అమ్మ కళ్లలోకి సూటిగా చూసింది.

"పండగలకు మాత్రం, కొంచెం" అన్నాడు కోటేశ్వర్.

"మావాడికి నిద్రలో కాళ్లు ఆడించే అలవాటుండాది. పక్కన పడుకున్నోళ్లకు నిద్రుండదు. తర్వాత నాకు చెప్పలేదనొద్దు."

చంద్రమోహన్ అన్నం బేసిన్ పట్టుకుని వడ్డిస్తున్నవాడల్లా చెవులదాకా ఎర్రబడి, "అమ్మా, ఊరుకోమ్మా" అన్నాడు. ఎదురు వరసలో టీచరమ్మకు పొలమారింది. నేను నీళ్లు పట్టుకుని పరిగెత్తాను.